పెరటికి చిట్టా, మొక్కకు ఆవర్జా

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక రైసు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. వచ్చిన ధాన్యం, వెళ్ళిన బియ్యం, తవుడు, ఊక, హమాలీల కూలి, అన్నీ ఏ రోజువి ఆ రోజే చిట్టాకు ఎక్కాలి. వారం తిరిగేసరికి ఆ పద్దులను ఎవరి పేరున పడవలసినవి వారి పేరున ఆవర్జాకు ఎక్కించాలి. 2016లో పని మానుకుని ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక ఇంటి వెనక ఉన్న రెండు సెంట్ల పెరడు నా చేతికి వచ్చింది. మొదటి ఏడాది ఏ పద్దూ రాయలేదు. మరుసటి ఏడాది ఆనప గింజలు చేతిలో పట్టుకుని, పోయినసారి వీటిని ఎప్పుడు పెట్టామని మా ఆవిడను అడిగాను. రథయాత్రకు ముందే అంది. కాదు, రథయాత్ర వెళ్ళాకే అని నాకు గుర్తు. ఎవరి మాట నిజమో తేల్చే కాగితం ఇంట్లో లేదు. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి ఒక ఖాతా పుస్తకం కొన్నాను.

అప్పటినుంచి రాస్తూనే ఉన్నాను. పెరట్లో నాలుగు మొక్కలున్న ప్రతివారూ ఇలా రాసుకోవాలని నా కోరిక. అందుకని, ఎలా రాయాలో నాకు పనిచేసిన పద్ధతి చెబుతాను.

పుస్తకం, పెన్సిలు

తేదీలు అచ్చువేసిన డైరీ తీసుకోకండి. అందులో ప్రతి రోజుకూ ఒకే కొలత జాగా ఉంటుంది. పెరట్లో రోజులన్నీ ఒక్క కొలతలో ఉండవు. వాన వెలిసిన మర్నాడు పేజీన్నర రాయవలసి వస్తుంది, పుష్యమాసంలో ఒక వరుస చాలు. దుకాణాల్లో వాడే పొడవాటి ఖాతా పుస్తకం, గుడ్డ అట్టతో దారం కుట్టు వేసినది, మంచిది. జిగురుతో అంటించిన పుస్తకాలు వానాకాలం చెమ్మకు విడిపోతాయి.

రాయడానికి పెన్సిలు వాడండి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. చెరిపి దిద్దడానికి వీలున్న రాతను లెక్కల్లో ఎవరూ నమ్మరు. మా వృత్తిలో పెన్సిలు పద్దు అంటే తప్పు పద్దే. అందుకే మొదట జెల్ పెన్నుతో రాశాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాను అది ఎంత కుదిపిందో ఇక్కడివారు మరచిపోలేరు. మా ఇంట్లో వెనక వసారా పెంకులు లేచిపోయి, అలమరలో ఉన్న పుస్తకం ఆ పగలంతా నానింది. ఎండ వచ్చాక ఆరబెట్టి విప్పితే పెన్నుతో రాసినదంతా నీలి మరక. మధ్యలో పెన్ను అయిపోయి మనవరాలి పెన్సిలుతో రాసిన పదకొండు రోజులు మాత్రం నిన్న రాసినట్టు నిలిచి ఉన్నాయి. పెన్సిలు ములుకు గ్రాఫైటు, నీళ్ళలో కరగదు. ఆ రోజునుంచి నాకు పెన్సిలే.

పెన్సిలు ఉంచుకోండి, రబ్బరు మాత్రం దగ్గర ఉంచుకోవద్దు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. కొట్టివేసినది కూడా చదవడానికి వీలుగా మిగలాలి. నేను మొదట బీరకు పట్టిన తెగులనుకున్నది తరువాత నత్త తిన్న గుర్తని తెలిసింది. ఆ కొట్టివేత పుస్తకంలో ఉండబట్టే, మళ్ళీ అలాంటి కన్నాలు కనిపించినప్పుడు తొందరపడలేదు.

మొదటి పేజీ

మొదటి పేజీలో పెరటి పటం గీయండి. అడుగులతో కొలిస్తే చాలు. నుయ్యి, కుళాయి, అంట్లు తోమే రాయి, గోడలు, చెట్లు, ఉత్తరం ఎటు ఉందో, అన్నీ వేయాలి. తరువాత ప్రతి చెట్టుకూ ప్రతి మడికీ ఒక అంకె. మా పెరట్లో 1 నూతి పక్క అరటి, 2 వంగ మడి, 3 ఆనప పందిరి, 4 బీర పాదు, 5 మునగ, 6 కరివేపాకు, 7 మందారం. అంకెలుంటే "2లో మూడో మొక్క" అని మూడు మాటల్లో పద్దు పడుతుంది. దానికి తోడు, మీరు ఊరు వెళ్ళినప్పుడు ఇంట్లో ఇంకొకరు అదే పుస్తకంలో రాయగలుగుతారు.

ఆ పటం మీదే నీడలు కూడా గుర్తించండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు గోడ నీడ ఎక్కడిదాకా వచ్చిందో నేల మీద సుద్దతో గీసి పటంలోకి ఎక్కించాలి. ఏడాదికి నాలుగుసార్లు చేస్తే చాలు, కానీ చేయాలి. మా ప్రాంతంలో మే నెల మధ్యనుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండున్నర నెలలు పన్నెండు గంటల నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా కాలమంతా ఉత్తరానికి. మా దక్షిణపు గోడ వార జూన్‌లో ఎండ బాగా తగలడం చూసి, ఇది ఎండ పడే చోటేనని కార్తికంలో అక్కడ టమాటా నారు నాటాను. ధనుర్మాసం వచ్చేసరికి ఆ చోట పగలంతా గోడ నీడే. మొక్కలు వెలుతురు కోసం సాగి సాగి పోయాయి, కాపు లేదు. నీడల గీతలు అప్పటికి గీసి ఉంటే ఆ నారు వేరే చోట బతికేది.

ఎడమ పేజీ, కుడి పేజీ

ఈ పద్ధతికంతటికీ మూలం ఇక్కడ ఉంది. పుస్తకం విప్పితే ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ అనుకున్నదానికీ చేసినదానికీ. రెండూ కలపకూడదు.

"వంగకు నీళ్ళు చాలడం లేదు" అని రాస్తే అది చూసినది కాదు, అనుకున్నది. నేను మొదట్లో అలాగే రాసేవాడిని, అలాగే ఇంకో చెంబు నీళ్ళు పోసేవాడిని. చూసినది రాయడం మొదలుపెట్టాక పద్దు ఇలా పడింది: "2లో మూడో మొక్క. నడిమి చిగురు తల వాల్చింది. మిగతా కొమ్మలు నిలబడే ఉన్నాయి. నేలలో వేలు గుచ్చితే రెండో కణుపుదాకా తడి. ఉదయం 6.20." రాసి చదివితే ప్రశ్న దానంతట అదే బయటపడింది. నేల తడిగా ఉంది, పొద్దు ఇంకా చల్లగా ఉంది, మిగతా కొమ్మలు బాగున్నాయి. మరి ఆ ఒక్క చిగురుకు ఏమైంది?

దానిని తుంచి బ్లేడుతో నిలువునా చీల్చాను. కాడ లోపల గుల్లగా ఉంది, ఆ గుల్లలో తడి తడిగా నల్లటి పెంట. చివర, ఇంకా ముందుకు తొలుచుకుంటూ, గులాబి ఛాయ ఉన్న తెల్లటి పురుగు, బియ్యపు గింజకంటే కాస్త పొడవు. వెలుతురు తగలగానే తల వెనక్కి లాక్కుంది. అది వంగలో మొవ్వునూ కాయనూ తొలిచే పురుగు. తల్లి పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ముందు లేత చిగుళ్ళలోకి, కాయలు వచ్చాక కాయల్లోకి దూరుతుంది. ఒకసారి లోపలికి వెళ్ళాక పైన చల్లిన మందు దానిని చేరడం కష్టం. వాలిన చోటికి రెండంగుళాల కింద చిగురును కోసి సబ్బు నీళ్ళలో వేయాలి. కోసి చెట్టు మొదట్లోనే పడేస్తే పురుగు బయటికి పాకి ఎండుటాకుల్లో గూడు కట్టుకుంటుంది, మళ్ళీ రెక్కలతో లేస్తుంది.

మధ్యాహ్నం మొక్క అంతా వాడి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ. పొద్దున్నే ఒక్క చిగురు వాలి ఉంటే పురుగు. ఈ తేడా నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు, పద్దులో వేళ రాయడం వల్ల తెలిసింది. ఆ ఏడాది కోసిన చిగుళ్ళు 23, వచ్చిన నలభై కాయల్లో పుచ్చినవి 14. మరుసటి ఏడాది మొదటి చిగురు ఎప్పుడు వాలిందో పుస్తకంలో చూసుకుని, దానికి వారం ముందునుంచే రోజూ వెతికాను. కోసిన చిగుళ్ళు 9, నలభై ఆరు కాయల్లో పుచ్చినవి 5.

అంకెలు ఎలా వచ్చాయంటే, ఎడమ పేజీలో "చాలా", "బాగా", "కొంచెం" అనే మాటలు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. పేనుబంక "చాలా" ఉందంటే వచ్చే ఏడాది ఆ మాటకు అర్థం ఉండదు. మొక్కకు ఐదు ఆకులు, రెండు పైవి, రెండు మధ్యవి, ఒకటి కిందది, తిరగేసి అడుగున చూడండి. "ఐదింట మూడు" అని రాయండి. ప్రతిరోజూ అన్ని మొక్కలూ చూడనక్కరలేదు, కానీ చూసే పద్ధతి మారకూడదు.

ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. చాలామంది విడిచిపెట్టేది ఇదే. తెల్లదోమ బెండ మీద కనిపించిన రోజు అందరూ రాస్తారు. దానికి ముందు పన్నెండు రోజులు చూసినా కనిపించలేదన్న పద్దు లేకపోతే, అది ఆ రోజు వచ్చిందో, మనం ఆ రోజు చూశామో తెలియదు. అలాగే చూడని రోజును చూసినట్టు నింపకండి. జ్వరం వచ్చింది, ఊరు వెళ్ళాం, పెళ్ళి ఉంది. కారణం ఒక్క మాట రాసి వరుస ఖాళీగా వదలండి. ఊహించి రాసిన ఒక్క పద్దు చేరితే పుస్తకం మొత్తానికి నమ్మకం పోతుంది.

వేళ

రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున తిరగండి. నేను ఉదయం ఆరుంబావుకు ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి వెళతాను. ఎప్పుడూ నూతి దగ్గర మొదలుపెట్టి మందారం దగ్గర ముగిస్తాను. దారి మారితే కళ్ళు తమకు నచ్చినదాని దగ్గరికే పోతాయి.

సాయంత్రం తిరగడం నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. దానికి ఆనపపాదు కారణం. పందిరి నిండా తీగ, రోజూ పిందెలు, అవి బొటనవేలంత కాగానే చివరనుంచి పసుపు తిరిగి రాలిపోయేవి. కుడి పేజీలో "బలం లేదు" అని రాసి ఆముదపు పిండి వేశాను. తరువాత "నీళ్ళు ఎక్కువయ్యాయి" అని రాసి నీళ్ళు తగ్గించాను. రాలడం ఆగలేదు. చివరికి ఒక ఆదివారం కూర్చుని ఎడమ పేజీలన్నీ వరుసగా చదివాను. ఆనప పువ్వు గురించి ఒక్కటంటే ఒక్క పద్దు లేదు. ఉండదు, ఎందుకంటే నా పద్దులన్నీ ఉదయానివి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుతుంది, తెల్లగా రాత్రంతా ఉండి మర్నాడు ఎండ ఎక్కేసరికి వడిలిపోతుంది.

ఆ సాయంత్రం స్టూలు వేసుకుని పందిరి కింద కూర్చున్నాను. పొద్దు వాలుతుంటే ముడుచుకుని ఉన్న మొగ్గ కొస వదులైంది. రేకులు, ఇస్త్రీ చేయని పలుచని గుడ్డలా ముడతలు ముడతలుగా, ఒక్కొక్కటి విడివడ్డాయి. సన్నని పొడుగు కాడ మీద లేచినవి మగ పూలు, పదకొండు. కాడ పొట్టిగా ఉండి పువ్వు వెనక నూగు పట్టిన చిన్న ఆనపకాయ ఉన్నవి ఆడ పూలు, రెండు. చీకటి పడేదాకా చూస్తే ఒక్క రెక్కల పురుగు కూడా రాలేదు. వరుసగా నాలుగు సాయంత్రాలు చూశాను, రెండు రోజులు వాన, మొత్తం మీద వచ్చినవి రెండే.

అప్పుడు చేతితో కలపడం మొదలుపెట్టాను. అప్పుడే విచ్చిన మగ పువ్వును తుంచి, రేకులు తీసేసి, నడుమ ఉన్న పసుపు పుప్పొడి మొనను ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. పొడి అంటుకోవడం కంటికి కనిపిస్తుంది. ఆ పువ్వుకు దారం ముక్క కట్టి పద్దు వేయాలి. దారం కట్టిన తొమ్మిదింటిలో ఆరు నిలిచాయి. రాలిన పిందెను ఊరికే పారేయకుండా వేలితో తిప్పి చూడండి. చిన్న గాటు, దాని చుట్టూ జిగురు ఉంటే పండు ఈగ గుడ్డు పెట్టింది, పిందెను తీసి నాశనం చేయాలి. ఏ గాటూ లేకుండా కొసనుంచి పసుపు తిరిగితే పుప్పొడి అందలేదు.

ఇలా ఒక్కో పాదుది ఒక్కో వేళ. ఆనప, పొట్ల, బీర సాయంత్రానివి. గుమ్మడి తెల్లవారుతూనే విచ్చుతుంది, కాకర ఉదయానిది. నేతి బీర కూడా ఉదయమే, పేరు బీరదే అయినా. మీ పెరట్లో ఏ పువ్వు ఎప్పుడు విచ్చుతుందో ముందు రాసుకోండి, మిగతా పద్దులకు ఏ వేళ వెళ్ళాలో అదే చెబుతుంది.

వాన గురించి కొద్దిగా. నిలువు గోడలున్న, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి చెట్లకు, చూరుకు దూరంగా ఇటుకల మధ్య నిలబెట్టండి. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు గడిచిన ఇరవై నాలుగు గంటల వాన కొలుస్తుంది. మీరూ అదే వేళకు స్కేలు ముంచి చూస్తే మీ అంకెను పేపరులో వచ్చిన అంకెతో పోల్చుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్ళు. మా రెండు సెంట్లు సుమారు 81 చదరపు మీటర్లు, కాబట్టి పది మిల్లీమీటర్లు పడితే ఎనిమిది వందల లీటర్లు పడినట్టే. ఆ మర్నాడు కుళాయి విప్పనక్కరలేదు.

పేరు తెలియనివి

పేరు తెలియని పురుగుకు తోచిన పేరు పెట్టకండి. రంగు, కొలత, ఏ ఆకు మీద, ఆకు పైనా అడుగునా, ముట్టుకుంటే ఎగిరిందా, దొర్లి పడిందా, ఇవి రాయండి. కొలతకు ఆవగింజ, పెసరగింజ, చింతగింజ అని పోలిక పెడితే అందరికీ అర్థమవుతుంది. ఫోనుతో ఫొటో తీస్తే పక్కన రూపాయి బిళ్ళ ఉంచండి.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1880లో మా ఊరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల మీది సవరల భాషకు అప్పటికి లిపి లేదు. ఆయన వారి మాటలను విన్నవి విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుంటూ ఆ భాష నేర్చుకున్నారు. పెరట్లో కూర్చున్నప్పుడు ఆయన నాకు తరచు గుర్తుకు వస్తారు. సంతకు కూరగాయలు తెచ్చే సవర ఆడవాళ్ళకు నేను గీసుకున్న పురుగు బొమ్మలు చూపిస్తాను. వారు చెప్పిన పేరును, అది ఏ చెట్టుకు పడుతుందన్నారో దానిని, అన్నది అన్నట్టే రాసుకుంటాను. నా బొమ్మలు గొప్పవి కానక్కరలేదు, కాళ్ళు ఎన్నో మచ్చలు ఎక్కడో సరిగ్గా ఉంటే చాలు, వాళ్ళు గుర్తుపడతారు.

తేదీ పక్కన కార్తె

ప్రతి పద్దు మీద ఇంగ్లీషు తేదీతో పాటు కార్తె రాయండి. తిథి రాయవద్దని కాదు, కానీ పోల్చడానికి తిథి పనికిరాదు. ఉగాది 2018లో మార్చి 18న వచ్చింది, 2021లో ఏప్రిల్ 13న. వేప పువ్వు పంచాంగం చూసి పూయదు. ఉగాదికి ముందు పూసిందా తరువాతా అని రాసుకుంటే ఏమీ తేలదు. కార్తె సూర్యుడి నడకను బట్టి నడుస్తుంది. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు, ఏడాదికి ఇరవై ఏడు, ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. రోహిణిలో రోళ్ళు పగులుతాయని, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయని పెద్దలు అన్నది కార్తెలను పట్టుకునే కదా.

పుస్తకం చివర ఇరవై ఏడు పేజీలు వదిలి, ఒక్కో పేజీకి ఒక్కో కార్తె పేరు పెట్టండి. కార్తె ముగిసిన రోజున ఆ పదమూడు రోజుల్లో ముఖ్యమైనవి మూడు నాలుగు వరుసల్లో ఆ పేజీకి ఎక్కించండి. పుస్తకం మారితే ఆ పేజీలను కొత్తదానికి ఎత్తి రాయాలి, అంత పనీ చేయదగినదే. నా చిత్త కార్తె పేజీ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను రాయడం మొదలుపెట్టకముందువి కూడా తరువాత అందులో చేర్చాను. 2013 అక్టోబర్ 12, ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్, విశాఖపట్నం. 2018 అక్టోబర్ 11, తిత్లీ. మూడూ చిత్త కార్తె మొదటి రోజుల్లోనే. విడివిడిగా మాకు తెలిసినవే, ఒక పేజీ మీద ఒకదాని కింద ఒకటి రాశాకే మూడూ ఒకే చోట ఉన్నాయని కంటికి కనిపించింది. అప్పటినుంచి హస్త కార్తెలోనే మునగ పై కొమ్మలు తగ్గిస్తాను, అరటికి వెదురు ఊతాలు పెడతాను, వసారా పెంకులు చూయిస్తాను. పుస్తకాలు ఇనుప పెట్టెలోకి మారుస్తాను.

ఒక జాగ్రత్త ఉంది. పోయిన ఏడాది పేజీ చదివి పెరట్లోకి వెళ్ళకండి. చదివి వెళితే ఉన్నది కాక, ఉండాలనుకున్నది కనిపిస్తుంది. ముందు చూడండి, రాయండి, తరువాత పాత పేజీ తిప్పండి.

ఆవర్జా

చిట్టా రోజుల వరుస, ఆవర్జా మొక్కల వరుస. వేరే పుస్తకంలో ఒక్కో మొక్కకు రెండు పేజీలు ఇవ్వండి. ఆదివారం అరగంట కూర్చుని ఆ వారపు చిట్టాలోంచి ఏ మొక్కకు చెందినది ఆ మొక్క పేజీకి ఎక్కించాలి. బెండ పేజీలో గింజ నాటిన రోజు, మొలక కనిపించిన రోజు, మొదటి పువ్వు, మొదటి కోత, ఎన్ని కాయలు, ఎప్పుడు పీకేశాం. గింజ ఎక్కడిదో కూడా రాయండి. ఎక్కించిన పద్దుకు చిట్టాలో చిన్న టిక్కు పెట్టండి, లేకపోతే ఒకే పద్దు రెండుసార్లు ఎక్కుతుంది.

ఈ అరగంట లేకపోతే చిట్టా పెరుగుతూ పోతుంది తప్ప మాట్లాడదు. ఆనప పువ్వు మాట నాకు తెలిసింది రాసిన రోజున కాదు, వరుసగా చదివిన ఆదివారం.

రజో మూడు రోజులు

జూన్ మధ్యలో, మా మృగశిర కార్తెలోనే, ఇక్కడ ఒడియావారికి రజో పండుగ వస్తుంది. ఆ మూడు రోజులు భూదేవికి విశ్రాంతి అని వారు నేలను దున్నరు, తవ్వరు. నేను పెరడు మొదలుపెట్టిన తొలి జూన్‌లో గునపం తీసుకుని దిగితే, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) గోడ మీదుగా చూసి వద్దని గట్టిగా చెప్పింది. ఆమె నాకంటే పెద్దది, ఆ మాట కాదనలేక గునపం లోపల పెట్టాను. సాయంత్రం అరిటాకులో పొడొ పిఠా అనే పిండివంట పంపింది.

ఇప్పుడు ఏటా ఆ మూడు రోజులు నా కుడి పేజీలో "చేసినది" కింద ఏమీ ఉండదు. చేతికి పని లేకపోతే కన్ను ఎంత చూస్తుందో ఆ రోజుల ఎడమ పేజీలు చూస్తే తెలుస్తుంది. దర్జీ పిట్ట మందారం ఆకును కుట్టడం నేను చూసింది అప్పుడే. తొలకరికి వానపాములు పైకి వచ్చిన చోట్లు పటం మీద గుర్తు పెట్టిందీ అప్పుడే. కొత్తగా రాయడం మొదలుపెట్టేవారు ఏ పండుగా లేకపోయినా మూడు రోజులు ఇలా కేటాయించుకోండి. నీళ్ళు పోయండి, అంతకు మించి దేన్నీ ముట్టుకోకండి.

ఇంకొకరి చెయ్యి

ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736 నుంచి తన తోటలో ఏ చెట్టు ఎప్పుడు చిగురించిందో, ఏ పిట్ట ఎప్పుడు కూసిందో రాసిపెట్టుకున్నాడు. ఆయన తరువాత ఆ కుటుంబంవారే 1958 దాకా రాశారు. ఒక మనిషి ఆయుర్దాయానికి మించిన పని అది, అందుకే పుస్తకం మీద ఒక్కరి పేరే ఉండకూడదని నేను అనుకుంటాను.

మా కోడలూ మనవరాలూ చదివింది ఒడియాలో. తెలుగు మాట్లాడతారు, చదవడం నిదానం. ఏ లిపిలోనైనా రాయండి, అంకెలు మాత్రం ఒకేలా ఉండాలని చెప్పాను. ఎండకు సున్నా, మబ్బుకు సున్నాలో గీత, వానకు మూడు చుక్కలు, ఇవి ముగ్గురం కలిసి పెట్టుకున్న గుర్తులు.

ఆశ్వయుజంలో మావుసి ఇంటి ఆడపిల్లలు జహ్ని ఓషా చేస్తారు. సాయంత్రం తులసి దగ్గర బీర పూలు పెట్టి పూజ. మా మనవరాలు కూడా వెళుతుంది, పూలు మా పాదువే. మొదటి ఏడాది బుట్టెడు పూలు కోసుకుపోతే పది రోజుల తరువాత కోయడానికి ఒక్క కాయ లేదు. మరుసటి ఏడాది దానిని పందిరి కిందికి తీసుకువెళ్ళి, పువ్వు వెనక వేలు పెట్టి చూడమన్నాను. వెనక సన్నని పిందె ఉంటే అది ఆడ పువ్వు, వదిలెయ్యాలి. గుత్తిలో ఉండి, వెనక పిందె లేనిది మగ పువ్వు, కోసుకోవచ్చు, అయినా పాదుకు సగం మిగల్చాలి. ఆ రాత్రి చిట్టా తెరిస్తే ఎడమ పేజీలో నా పద్దు కింద ఒడియా అక్షరాల్లో దాని మొదటి పద్దు ఉంది: "4. సాయంత్రం. మగ పూలు 9, కోసినవి 4. ఆడ పూలు 2, ముట్టలేదు."